బండి పాఠాలు – 6: కుడికాలు ఎక్కడుంది?

ఐదో పాఠంలో ముందు బ్రేకు వాడమన్నాను. వాడారు. ముగ్గురు పడ్డారు.

ఎవరికీ ఎముకలు విరగలేదు కాబట్టి ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నాను. ఒకాయన శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో అరటిపళ్ల బండి పక్కన పడ్డారు. ఇంకొకాయన డివైడర్ పక్కన పేరుకున్న ఇసుక మీద జారారు. మూడో ఆమె ఆమదాలవలసలో తన ఇంటి గేటు ముందే, అత్తగారు చూస్తుండగా ఒరిగిపోయారు. ఈసారి సర్వీసు ఆటోల వెనక, బస్సుల పక్కన ఎలా నడపాలో చెబుతానని మాట ఇచ్చాను. చెబుతాను. అంతకన్నా ముందు ఈ మూడు పడడాల లెక్క తేలాలి.

మొదట నా తప్పు ఒప్పుకుంటాను. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది, ఆపే పనిలో దాదాపు 70 శాతం ముందు చక్రమే చేస్తుంది అని రాశాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అయితే అది బండి నిటారుగా, హ్యాండిల్ తిన్నగా, రోడ్డు పొడిగా ఉన్నప్పటి లెక్క. ఈ షరతును ఒక్కసారి, అదీ పేరా చివర, రాసి వదిలేశాను. పైన పెద్ద అక్షరాలతో రాయాల్సింది.

టైరుకి రోడ్డు మీద ఉండే పట్టు నెల జీతం లాంటిది. మలుపు తిరగడానికి కొంత, ఆగడానికి కొంత, రెండూ అందులోంచే ఖర్చు కావాలి. పొడి తారురోడ్డు మీద తిన్నగా వెళుతున్నప్పుడు మీరు ఒకటో తారీఖున ఉన్నట్టు. మొత్తం బ్రేకుకే పెట్టుకోవచ్చు. హ్యాండిల్ తిప్పారా, పదిహేనో తారీఖు వచ్చేసింది. ఇసుక మీద, గడ్డి మీద, తొలకరి చినుకులకు నూనె తేలిన రోడ్డు మీద ప్రతి రోజూ ముప్ఫయ్యో తారీఖే.

ఇసుక మీద జారినాయన విషయం త్వరగా తేలుతుంది. ఇసుక లారీల నుంచి రాలినదంతా చక్రాల గాలికి డివైడర్ అంచుకు చేరుతుంది. ఆయన అంచునే పట్టుకు నడిపారు. ఇసుక కనబడగానే, దాని మీదికి ఎక్కకముందే వేగం తగ్గించాలి. ఎక్కాక బ్రేకు వదిలి, హ్యాండిల్ తిప్పకుండా, ఇంజను ఎంత లాగుతుంటే అంతే లాగనిచ్చి దాటాలి. చోళ్లు, ఉలవలు, మినుములు రోడ్డు మీద పరిచి బండ్ల చక్రాలతో నూర్పించుకోవడం మన వైపు అలవాటు. అక్కడా ఇదే సూత్రం. రైతును తిట్టుకుని లాభం లేదు, కళ్లం లేనివాడికి రోడ్డే కళ్లం. దాటాక ఒకసారి దిగి, గొలుసుకి గడ్డి చుట్టుకుందేమో, వేడి సైలెన్సర్‌కి అంటుకుందేమో చూసుకోండి.

ఆమదాలవలస సోదరి పడడం పూర్తిగా నా పద్దులోదే. కుడిచేతికి ముందు బ్రేకు, కుడికాలికి వెనక బ్రేకు అని రాసుకుపోయాను. ఆమెది గేరు లేని స్కూటర్. కాలికి బ్రేకే లేదు. వెనక బ్రేకు ఎడమచేతి దగ్గర ఉంటుందని నేను చెప్పలేదు, ఆమె కుడిచేతినే నమ్ముకున్నారు. గేటు ముందు వాలు, తిరిగిన హ్యాండిల్, కుడిచేతి బ్రేకు. ఈ మూడూ కలిస్తే స్కూటర్ ఒరగక ఏం చేస్తుంది? స్కూటర్ వాళ్లందరికీ ఇప్పుడు చెబుతున్నాను: మెల్లగా వెళ్లేటప్పుడు, తిరిగేటప్పుడు ఎడమచేతి బ్రేకు. తిన్నగా గట్టిగా ఆగాల్సి వస్తే రెండు చేతులూ. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న బండ్లకు కాంబీ బ్రేకు గాని ఏబీఎస్ గాని తప్పనిసరి చేశారు. కాంబీ ఉన్నవాటిలో వెనక బ్రేకు వేస్తే ముందుది కూడా కొంత పడుతుంది, అందుకని హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు దాన్ని కూడా మెత్తగానే నొక్కాలి. ఏబీఎస్ ఉందిలే అని ధీమా పడేవాళ్లకు ఒక మాట. తిన్నగా వెళ్లే బండి చక్రం బిగుసుకుపోకుండా అది కాపాడుతుంది. నడక వేగంలో, హ్యాండిల్ తిప్పి ఉన్న బండిని అది నిలబెట్టదు.

ఇక అరటిపళ్ల బండి పక్కన పడినాయన. ఆయన చెప్పినదంతా విన్నాను. ముందు ఆటో ఆగింది, కుడివైపు తప్పుకుందామని హ్యాండిల్ తిప్పారు, ఎదురుగా ఇంకో బండి వచ్చింది, నాలుగు వేళ్లతో ముందు బ్రేకు లాగారు, మరుక్షణం రోడ్డు మీద ఉన్నారు. "మీరు చెప్పినట్టే చేశాను సార్" అన్నారు. నేను ఒక్కటే అడిగాను: "అప్పుడు మీ కుడికాలు ఎక్కడుంది?"

"కిందే సార్. రద్దీ కదా, రెండు కాళ్లూ కిందే పెట్టుకుని నడుపుతున్నాను."

అదీ సంగతి. పాతికేళ్లుగా నాకు ఒళ్లు మండే దృశ్యం ఇదే. సాయంత్రం ఆరింటికి ఏడు రోడ్ల కూడలి దగ్గర నిలబడి చూడండి. పది బండ్లు వస్తే ఏడింటి మీద మనుషులు రెండు కాళ్లూ చెరువులో బాతుల్లా చాపి, చెప్పులు రోడ్డుకి రాసుకుంటూ వస్తుంటారు. వాళ్లకి అది జాగ్రత్త. పడితే కాలు ఆపుతుందని నమ్మకం. కదులుతున్న బండిని కాలు ఆపదు. 110 కిలోల బండి, మీద మీరు, వెనక మీ ఆవిడ, మధ్యలో బియ్యం సంచి. ఇంత బరువు ఒరగడం మొదలైతే మడమ తిరిగిపోతుంది తప్ప బండి నిలబడదు.

కుడికాలు కిందకు దిగిన క్షణం వెనక బ్రేకు లేనట్టే. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది ముందు బ్రేకు ఒక్కటే. రద్దీలో హ్యాండిల్ ఎప్పుడూ ఏదో ఒక వైపు తిరిగే ఉంటుంది. అంటే ముందు బ్రేకు వేయకూడని చోట, అదొక్కటే దిక్కుగా పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట. ఐదో పాఠం చదవకముందు ఆయన భయంతో దాన్ని ముట్టుకునేవారు కాదు, కాబట్టి చెప్పులు అరిగేవి. చదివాక ధైర్యంగా లాగారు. సగం నేర్పిన నాదే నేరం.

మరి ఎలా నడపాలి? క్లచ్ పూర్తిగా నొక్కి పట్టుకోకండి, పూర్తిగా వదలకండి. మధ్యలో బండి ముందుకు జరగాలని చూసే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ వేళ్లు నిలపండి. ఇంజను ఆగిపోకుండా కొంచెం ఆక్సిలరేటర్. కుడికాలు వెనక బ్రేకు మీద, పాపాయి చెంప తాకినంత మెత్తగా. ఇంజను లాగుతుంటే బ్రేకు పట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య బండి బిగుతుగా నిలబడి, మనిషి నడకలో వెళుతుంది. చూపు ముందు చక్రం మీద కాదు, పది గజాల అవతల. చక్రాన్ని చూస్తే దాని దగ్గరే పడతారు.

పూర్తిగా ఆగినప్పుడు మాత్రమే కాలు కిందకు దించండి. అదీ ఎడమకాలు. ఎడమకాలు గేరుకు కదా అంటారు. ఆగకముందే ఒకటో గేరులోకి దించేస్తే దానికి అక్కడ పనేముంటుంది? నాగావళి వంతెన ఎక్కే వాలులో వాహనాలు నిలిచిపోయినప్పుడు చూస్తుంటాను. రెండు కాళ్లూ కింద పెట్టినవాళ్ల బండి వెనక్కి జారుతుంది, వెనకవాడు హారన్ కొడతాడు, కంగారులో క్లచ్ ఒక్కసారిగా వదులుతారు, బండి గెంతి ముందున్న ఆటోకి తగులుతుంది. కుడికాలు బ్రేకు మీద ఉంటే ఈ భాగోతమే లేదు.

నాకు ఇదంతా పుట్టుకతో రాలేదు. మందుల కంపెనీ బ్యాగుతో నరసన్నపేట, టెక్కలి, పలాస తిరిగే రోజుల్లో, డే అండ్ నైట్ కూడలి దగ్గర సరిగ్గా ఇలాగే పడ్డాను. వేగం దాదాపు సున్నా. కాళ్లు రెండూ కింద, హ్యాండిల్ కుడివైపు, ఒక ముసలమ్మ అడ్డం వచ్చింది. బ్యాగులో దగ్గు మందు సీసాలు పద్నాలుగు పగిలాయి. ఎర్రటి పాకం ప్యాంటు మీదుగా కారుతుంటే టీ కొట్టతను అది రక్తమనుకుని నీళ్ల చెంబుతో పరుగెత్తుకొచ్చాడు. దగ్గరకొచ్చి వాసన చూసి ఆగిపోయాడు. ముసలమ్మ నింపాదిగా దాటి వెళ్లిపోయింది. ఆ ప్యాంటుకు నెలరోజులు చీమలు పట్టాయి.

సరే, ఆటోలు, బస్సులు.

సర్వీసు ఆటో ఎప్పుడు ఆగుతుందో దాని వెనక లైటు చెప్పదు, మనుషులు చెబుతారు. రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యెత్తారా? లోపలున్నామె సంచి ఒళ్లోకి లాక్కుంటోందా? డ్రైవర్ తల ఎడమకు తిరిగిందా? ఈ మూడింట్లో ఏది కనబడినా ఆటో ఆగిపోయినట్టే లెక్కపెట్టి వేళ్లు బ్రేకు మీదకు తెచ్చుకోండి. నేను రెండు వేళ్లే వాడతాను, నాది పాత 100 సీసీ బండి, ముందు కూడా డ్రమ్ము బ్రేకే. డిస్కు ఉన్నవాళ్లు మెల్లగా వెళ్లేటప్పుడు ఒక వేలితో సరిపెట్టుకోండి. ఆటో ఎటు తిరగబోతుందో తెలియాలంటే ఇండికేటర్‌ని నమ్మకండి, దాని ముందు చక్రాన్ని చూడండి.

ఆగిన ఆర్టీసీ బస్సుకు ఎడమవైపు నుంచి ఎప్పుడూ వెళ్లకండి. దిగేవాళ్లు మీ బండి మీదే అడుగు పెడతారు. కుడివైపు నుంచి దాటేటప్పుడు బస్సు మూతి దగ్గర ఎవరో ఒకరు బయటకు వస్తారు, రాకపోతే అది మీ అదృష్టం. బస్సు అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడకపోతే మీరూ ఆయనకు కనబడటం లేదు. లారీ ఎడమకు తిరుగుతుంటే దాని ఎడమపక్క ఎంత ఖాళీ ఉన్నా దూరకండి. ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి.

ఎడం ఎంత ఉండాలని అడుగుతుంటారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనులో 11 మీటర్లు వెళతాం. చూసి, తేరుకుని, బ్రేకు అందుకునేసరికి ఆ సెకను అయిపోతుంది. ఆ తర్వాత ఆగడానికి మంచి పొడి రోడ్డు మీద ఇంకో పది మీటర్లు. మొత్తం రెండు బస్సుల పొడవు. అదే 60లో అయితే 40 మీటర్లకు తక్కువ కాదు. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లు, కావలసిన చోటు పెరిగింది దాదాపు రెండు రెట్లు. రోడ్డు మీద టేపు పట్టి కొలవలేం కాబట్టి, ముందు బండి ఒక స్తంభం దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అనుకోండి. అనడం పూర్తికాకముందే మీరు ఆ స్తంభం చేరితే దగ్గరగా ఉన్నట్టు. వానలో దీన్ని రెట్టింపు చేయండి.

ఎడం వదిలితే ఇంకొకడు వచ్చి దూరుతాడు కదా? దూరనివ్వండి. మళ్లీ వెనక్కి తగ్గండి. ఈ ఊళ్లో ఆ చివరి నుంచి ఈ చివరికి అలా ఐదుగురు దూరినా మీకు పోయేది టీ చల్లారేంత సమయం కూడా కాదు. నేనైతే బడులు విడిచే వేళ అసలు పెద్దరోడ్డు ఎక్కను, సందుల్లోంచి చుట్టూ తిరిగి వెళతాను. రథసప్తమి నాడు అరసవల్లికి నడిచే వెళతాను. దీన్ని పిరికితనం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

హెల్మెట్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెట్ మీకంటే ముందు రోడ్డు చేరుతుంది.

అభ్యాసం. ఆదివారం పొద్దున్నే ఏదైనా బడి మైదానంలో, అడిగి, 15 మీటర్లు కొలిచి ఆ చివర ఈ చివర ఇటుకలు పెట్టండి. మొదటి ఇటుక నుంచి రెండోదానికి 15 సెకన్ల కంటే ముందు చేరకూడదు. కాలు కిందకు దిగకూడదు, ముందు బ్రేకు ముట్టుకోకూడదు. వరుసగా ఇరవై సార్లు. పంతొమ్మిదోసారి కాలు దిగినా మళ్లీ ఒకటి నుంచి మొదలు. సెకన్లు మీరు లెక్కపెట్టుకోకండి, మీరైతే తొందరగా లెక్కపెడతారు. ఇంట్లో చిన్నవాళ్లకు గడియారం ఇచ్చి నిలబెట్టండి, వాళ్లు ఒక్క సెకను కూడా వదలరు. నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. ఇది రాకుండా ఏడో పాఠం చదవకండి, అందులో రాత్రిపూట హైవే మీద లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీల సంగతి ఉంది.

వచ్చేటప్పుడు ఇటుకలు తీసి గోడవారన పెట్టి రండి. సాయంత్రం పిల్లలు అక్కడే క్రికెట్ ఆడతారు.