అరకు ఘాట్ ఎక్కే ముందు క్లచ్ సంగతి చూసుకోండి

పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయిందంటే విజయనగరం కుర్రాళ్ల చూపు అరకు వైపు తిరుగుతుంది. కార్తీక వనభోజనాలు మొదలుకుని సంక్రాంతి సెలవుల దాకా శృంగవరపుకోట (ఎస్.కోట) రోడ్డు మీద బళ్లే బళ్లు. బయల్దేరేవాళ్లు టైర్లు చూసుకుంటారు, బ్రేకులు చూసుకుంటారు. క్లచ్ జోలికి మాత్రం పోరు. జారే క్లచ్, అంటే ఇంజను తిరిగినంతా చక్రానికి అందనివ్వని క్లచ్, ఊళ్లో తెలియదు మరి. విజయనగరం కోట నుంచి గంటస్తంభానికి ఆ బండే హాయిగా పోతుంది. బొడ్డవర దాటి ఎత్తు మొదలయ్యాక, వెనకాల మనిషీ సామానూ ఉన్నప్పుడు బయటపడుతుంది.

నాకు సరిగ్గా అక్కడే బయటపడింది. మా ఆవిడని ఎక్కించుకుని రెండో గేరులో మలుపు తిరుగుతున్నాను. ఎక్సలేటర్ తిప్పేకొద్దీ ఇంజను రొద పెరుగుతోంది, బండి మాత్రం కదలనంటోంది. కాలిన వాసన. వెనకాల బస్సు. తను దిగి వెనక చక్రానికి రాయి అడ్డం పెడితే గానీ బండి నిలవలేదు. ఆ భయం ఇంకొకరికి రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

వెళ్లడానికి కనీసం వారం ముందు పరీక్ష చేసుకోండి. ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో నలభై వేగంతో పోతూ ఎక్సలేటర్ ఒక్కసారి బాగా తిప్పండి. రొద ముందు పెరిగి, వేగం ఆలస్యంగా అందుకుంటుంటే క్లచ్ జారుతున్నట్టే. ఇంకో పద్ధతుంది. బండి నిలబెట్టి, ముందు బ్రేకు గట్టిగా పట్టి, మూడో గేరు వేసి, కొంచెం ఎక్సలేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ లోపలి ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవడం లేదు. ఇది ఒక్కసారి చేస్తే చాలు. పదేపదే చేస్తే బాగున్న ప్లేట్లు కూడా కాలతాయి.

జారిందని తెలియగానే ప్లేట్లు మార్పించెయ్యకండి. ముందు చూడాల్సింది క్లచ్ వైరు. లివరు పట్టుకుంటే మొదట కొంత దూరం వదులుగా రావాలి. దాన్నే ప్లే అంటాం. చాలా వంద సీసీ, నూటపాతిక సీసీ బళ్లకి లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. ప్లే లేకపోతే లివరు పూర్తిగా వదిలినా లోపల క్లచ్ సగం నొక్కినట్టే ఉండిపోతుంది. గేరు గట్టిగా పడుతోందని వైరు బిగించుకుంటారే, ఆ తర్వాత మొదలయ్యే జారుడు ఇదే. గేరు గట్టిగా పడటం ప్లే ఎక్కువైతే వచ్చే జబ్బు, జారడం ప్లే తక్కువైతే వచ్చేది. రెండూ కలిపెయ్యకండి.

హ్యాండిల్‌ని కుడికీ ఎడమకీ చివరిదాకా తిప్పి కూడా ప్లే చూడండి. నేరుగా ఉన్నప్పుడు సరిపోయిన వైరు, హ్యాండిల్ తిప్పితే బిగిసిపోవచ్చు. ఘాట్‌లో ఉన్నవన్నీ మలుపులే కదా. సర్దేటప్పుడు లివరు దగ్గరి అడ్జస్టర్‌ని లోపలికి తిప్పేసి, అసలు సర్దుబాటు ఇంజను దగ్గరి నట్టుతో చేసి, లాక్ నట్టు బిగించండి. వానల్లో నీళ్లు దిగి వైరు లోపల తుప్పు పడితే లివరు బద్ధకంగా వెనక్కి వస్తుంది. అలాంటి వైరుకి నూనె చుక్కలు వేసి సరిపెట్టుకోకుండా మార్చెయ్యడమే మేలు, ముఖ్యంగా ఒక్క పోగు తెగినా సరే.

తర్వాత ఆయిల్. నా బండిని ఆపేసింది ఇదే. ముందు రోజు ఆయిల్ తగ్గిందని ఇంట్లో మిగిలిన కారు ఇంజను ఆయిల్ పోశాను. మన గేరు బళ్లలో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతాయి. కారు క్లచ్‌కి ఆ ఆయిల్ తగలదు, అందుకే కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఆ మందు ప్లేట్లకి పడితే పట్టు పోతుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసి కొనండి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకి, గేరు బండికి వద్దు. పొరపాటున పోసి ఉంటే మొత్తం దింపి సరైన ఆయిల్ పోసి కొన్నాళ్లు నడపండి, ఒక్కోసారి దాంతోనే పట్టు తిరిగొస్తుంది. నాకు రాలేదు, ప్లేట్లు మార్చాల్సి వచ్చింది.

వైరూ ఆయిలూ బాగుండి ఇంకా జారుతుంటే అప్పుడు ఇంజనుకి క్లచ్ ఉన్న వైపు, చాలా బళ్లలో కుడివైపు, మూత విప్పించాలి. మెకానిక్ పక్కన నిలబడి చూడండి, తప్పేం లేదు. అరిగిన ప్లేట్లు పలచబడతాయి, కాలినవి నల్లబడి వాసనొస్తాయి. మధ్యలో ఉండే ఇనుప ప్లేట్లు నీలం తిరిగాయంటే బాగా వేడెక్కాయని అర్థం. వాటిని అద్దం ముక్క మీద పెట్టి చూస్తే వంకర పోయిందీ లేనిదీ తెలుస్తుంది. స్ప్రింగులు మొత్తం సెట్టుగా మార్పించండి, ఒకటీ అరా మారిస్తే నొక్కుడు సమంగా ఉండదు. కొత్త ప్లేట్లని బిగించే ముందు ఇంజను ఆయిల్‌లో కొన్ని గంటలు నానబెట్టాలి. వీలైతే రాత్రంతా ఉంచమనండి. పొడి ప్లేట్లు ఎక్కిస్తే మొదటి ఎత్తులోనే కాలిపోవచ్చు. వారం ముందే చూడమన్నది ఇందుకే, కొత్త ప్లేట్లు సర్దుకోవడానికి కొన్నాళ్లు ఊళ్లో నెమ్మదిగా తిరగాలి.

సిరిమాను ముందు రోజు తొలేళ్లకీ, సిరిమానుకీ జనంలో హాఫ్ క్లచ్ మీద, అంటే లివరు సగం పట్టి, పాకించిన బండైతే మరింత జాగ్రత్తగా చూడండి.

ఘాట్ మీద క్లచ్ లివరు మీద వేళ్లు ఆనించి నడపకండి. ఎత్తులో ఆగితే బండిని బ్రేకుతో నిలపండి, హాఫ్ క్లచ్‌తో కాదు. దారిలో జారడం మొదలైతే ఎక్సలేటర్ ఇంకా తిప్పొద్దు. ఎడమ పక్కకి తీసి, ఇంజను ఆపి, అరగంట చల్లారనివ్వండి. లివరులో ప్లే చూసి, లేకపోతే కొంచెం ఇవ్వండి. అయినా జారితే పైకి వెళ్లకండి. వెనకాల మనిషిని ఆటోలోనో బస్సులోనో పంపి, ఒక్కరే చిన్న గేరులో, బ్రేకులు మెల్లగా వాడుతూ ఎస్.కోటకి దిగిపోండి. దిగేటప్పుడు క్లచ్ నొక్కి బండిని జారనివ్వకండి, ఇంజను పట్టు వదిలేస్తే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.