రామప్ప, ఓరుగల్లు ఒక్కరోజులో: బయలుదేరే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ నుంచైతే తెల్లవారుజామునే బయలుదేరాలి. ముందు దూరంగా ఉన్న పాలంపేటకు వెళ్లి రామప్ప గుడి చూడండి. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట తిరుగు దారిలోనే వస్తాయి.

గుళ్లో చెప్పులు విప్పాలి. ఎండాకాలం మధ్యాహ్నానికి రాళ్లు కాలిపోతాయి, కాబట్టి ఒక జత సాక్సులు బ్యాగులో వేసుకోండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం, శిల్పాలను ముట్టుకోకండి. రామప్ప 1213 నాటి గుడి. చూరు కింద వాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికల (స్త్రీమూర్తుల శిల్పాల) నగల్లో పూస పూసా విడిగా కనిపిస్తుంది. వేణుగోపాలుడి శిల్పం మీద తడితే సరిగమలు పలుకుతాయని ఎవరైనా చెప్పినా మీరు తట్టి చూడొద్దు. అందరూ తడుతూ పోతే అది అరిగిపోతుంది. స్తంభాలకు పసుపు, కుంకుమ, నూనె పూయడమూ వద్దు. పిల్లలకు ఇదంతా కారులోనే చెప్పి ఉంచండి.

గర్భగుడిలో ఫొటో తీసే ముందు పూజారి గారిని అడగండి. రామప్ప చెరువు గట్టు మీద పిల్లల చెయ్యి వదలొద్దు.

నీళ్లు, టోపీ, కొంచెం చిల్లర, పవర్ బ్యాంక్ మర్చిపోకండి. వరంగల్ కోటలో కీర్తి తోరణాల (రాతి ద్వారాల) దగ్గర నీడ తక్కువ, అక్కడికి సాయంత్రం వెళ్తేనే హాయి.