సోడియం ఫ్యూజన్‌కి ముందు

హనుమకొండ డిగ్రీ పిల్లలూ, ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. లాసైన్ పరీక్షలో (శాంపిల్‌ని సోడియంతో వేడిచేసి అందులో ఏ మూలకాలున్నయో చూసే పరీక్ష, అదే సోడియం ఫ్యూజన్) నైట్రోజన్ పట్టేముందు ఇవి చూసుకోండి.

మిగిలిన సోడియం సింకులో వేయొద్దు. నీళ్లు తగిలితే హైడ్రోజన్ పుట్టి అంటుకుంటది. మా బ్యాచ్‌లో ఒకడు వేసిండు. ఠప్పుమని పేలి పక్కనున్న రికార్డు బుక్కు కాలింది. తిరిగి కిరోసిన్‌లోనే పెట్టండి.

శాంపిల్ క్లోరోఫామో, కార్బన్ టెట్రాక్లోరైడో కాదని అడిగి తెలుసుకోండి. సోడియంతో వేడిచేస్తే పేలతయి.

కందిగింజంత సోడియం ముక్క చాలు. కిరోసిన్‌ని ఫిల్టర్ పేపర్‌తో అద్దండి, వేళ్లతో కాదు.

ఎర్రగా కాలిన ట్యూబుని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచిన వెంటనే వైర్‌గాజ్‌తో (ఇనుప జాలి) మూయండి. గాజుముక్కలు మొహం మీదికే వస్తయి.

శాంపిల్‌లో నైట్రోజన్ ఉంటే వడపోసిన నీళ్లలో సోడియం సయనైడ్ ఉంటది; యాసిడ్ తగిలితే విషవాయువు. యాసిడ్‌ని ఫ్యూమ్‌హుడ్‌లోనే (వాయువుల్ని బయటికి లాగే అర) పోయండి.

ఫెర్రస్ సల్ఫేట్ అప్పటికప్పుడు కలుపుకోండి. నిన్నటిదైతే నైట్రోజన్ ఉన్నా, దాన్ని చూపించే నీలం రంగు రాకపోవచ్చు.