పాడుబడ్డ భవనాల్లో ఫొటోలు తీసేవాళ్లకు వానాకాలం జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్‌లోని పాడుబడ్డ ఆసుపత్రులు, దేవిడీలు (నవాబులు, జాగీర్దార్ల పాత భవంతులు), పాత ఆఫీసుల లోపల ఫొటోలు తీసే పని ఆపేయాలి. జూన్ నుంచి అక్టోబరు చివరి దాకా లోపలికి వెళ్లొద్దన్నదే నేను చెప్పే మొదటి జాగ్రత్త. వాన ఆగింది కదా, ఎండ కాసింది కదా అని బయల్దేరేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మన పాత కట్టడాలు చాలావరకు డంగు సున్నంతో కట్టినవి. కప్పు మీద రావి మొక్క మొలిచిన చోట నీళ్లు దిగుతాయి, గోడలు వాటిని పీల్చుకుని రోజుల తరబడి బరువెక్కి ఉంటాయి. పెచ్చులు, ఒక్కోసారి గోడలే, వాన వెలిసిన తర్వాత కూడా కూలుతుంటాయి. 2020 అక్టోబరు వానలకు బండ్లగూడలో ప్రహరీ గోడ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. జీహెచ్ఎంసీ ఏటా వానల ముందు శిథిల భవనాలను గుర్తించి నోటీసులు ఇచ్చేది ఇందుకే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆగితే గోడలు ఆరి ఉంటాయి, ఏటవాలు వెలుతురు దొరుకుతుంది, పాముల సంచారమూ తగ్గుతుంది.

లోపలికి వెళ్లకూడని ఈ ఐదు నెలల్లో అనుమతుల పని పెట్టుకోండి. భవనం ఎవరి చేతిలో ఉందో ముందు తెలుసుకోవాలి. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖా, యూనివర్సిటీయా, వక్ఫ్ బోర్డా, వారసులా? అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్నే తీసుకోండి. విన్సెంట్ ఎష్ డిజైన్ చేసిన ఆ కట్టడంలోకి 2020 జూలైలో వాన నీళ్లు చేరాక రోగులను తరలించి మూసేశారు. మూసేశారు కదా అని దాన్ని దిక్కులేని భవనం అనుకోవద్దు. అలాంటి చోటుకి పేర్లు, తేదీ, ఎన్ని గంటలు ఉంటారు, ట్రైపాడ్ తెస్తారా లేదా అన్నీ రాసి అర్జీ పెట్టాలి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. వాచ్‌మన్ చేతిలో వంద పెట్టి లోపలికి దూరడం అనుమతి కాదు. పట్టుబడితే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద మీ మీద కేసు పెట్టొచ్చు, ఆయన ఉద్యోగమే పోవచ్చు. చేతిలో కాగితం ఉన్నాక మాత్రం ఆయనతోనే మొదలుపెట్టండి. "చాచా, ఏ మెట్లు కూలాయి? తేనెపట్టు ఎక్కడుంది? బావి ఎటువైపు?" అని అడగండి. రోజూ ఆ ఆవరణలో తిరిగే మనిషికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇక లోపలి సంగతి. ఇలాంటి చోట్ల మనకు అసలు ప్రమాదం మన అలవాటు నుంచే వస్తుందని నా గట్టి నమ్మకం. కెమెరా కంటికి పెట్టుకుని, ఆర్చి మొత్తం ఫ్రేములో పట్టాలని ఒక అడుగు వెనక్కి వేస్తాం, ఇంకో అడుగు వేస్తాం. వెనక రెయిలింగ్ ఊడిన వరండా ఉండొచ్చు, తలుపు లేని లిఫ్టు గుంత ఉండొచ్చు. కాబట్టి కెమెరా కంటి దగ్గర ఉన్నంతసేపు కాలు కదలకూడదు. కదలాల్సి వస్తే కెమెరా దించి, వెనక్కి తిరిగి, లైటు వేసి చూసుకున్నాకే అడుగు వేయాలి. ముందు నిలబడే చోటు ఎంచుకోండి, లెన్సు సంగతి తర్వాత. వైడ్ లెన్సు తెచ్చుకుంటే వెనక్కి జరగాల్సిన అవసరమే తగ్గుతుంది.

ఏ గదికైనా గుమ్మంలోనే ఆగి, ముందు కప్పు చూడండి. ఇనుప గర్డర్ల మధ్య ఇటుకలను కమానులా పేర్చిన కప్పులు పాత భవనాల్లో కనిపిస్తాయి. గర్డరు కింది అంచు మీద లైటు వేస్తే తుప్పు మడత కాజా పొరల్లా విచ్చుకుని ఉంటుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఉబ్బేకొద్దీ పక్కనున్న ఇటుకలను నెడుతుంది. గర్డరు వెంట సన్నటి చీలిక కనిపించి, దాని కిందే నేల మీద ఎర్రటి ఇటుక పొడి ఇంకా దుమ్ము పట్టకుండా ఉందంటే ఆ కప్పు ఇప్పటికీ రాలుతోందన్నమాట. అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి. టేకు దూలాల కప్పు అయితే దూలం గోడలోకి దిగే చోట చూడాలి. తేమ చేరేది, చెద పట్టేది ఎక్కువగా అక్కడే. నడుమ గట్టిగా ఉన్న దూలం కొస గోడ లోపల పిండైపోయి ఉండొచ్చు, అది బయటికి కనిపించదు. అందుకే పై అంతస్తులో చెక్క నేల మీద నేను అడుగే పెట్టను. మందపాటి గోడ మధ్య గుమ్మంలో నిలబడి తీస్తాను, ఆ తలుపు చట్రం ఫొటోకు లోతు కూడా ఇస్తుంది. నేలమాళిగలు, సంపుల్లోకి అసలు దిగొద్దు. గాలి ఆడని చోట తేడా తెలిసేలోపే స్పృహ తప్పుతుంది.

మూతబడ్డ ఆసుపత్రులు, కాలేజీ ల్యాబ్‌లు మరీ టెన్షన్ పెట్టే చోట్లు. కరెంటు లేని ఎక్స్‌రే మిషన్ నుంచి రేడియేషన్ రాదు. కొన్ని క్యాన్సర్ చికిత్స యంత్రాల్లో వాడే రేడియోధార్మిక మూలకం సంగతి వేరు, దానికి కరెంటుతో పని లేదు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో వదిలేసిన క్లినిక్ నుంచి ఇలాంటి యంత్రం భాగాన్ని ఎత్తుకెళ్లి విప్పడంతో నలుగురు చనిపోయారు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడి ఒకరు పోయారు. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు కనిపిస్తే ఏదీ ముట్టుకోకుండా బయటికొచ్చి 112కి చెప్పండి. పగిలిన బీపీ మిషన్ల పాదరసం, సూదులు, ఫార్మలిన్ (శవాలు కుళ్లకుండా వాడే రసాయనం) సీసాలు కూడా అంతే, చూసి దాటిపోవాలి. కంపోజిషన్ కోసం కుర్చీ జరపడం, దుమ్ము ఊడ్చడం వద్దే వద్దు. గబ్బిలాల రెట్ట, పావురాల రెట్ట ఎండి లేస్తే అందులోని శిలీంధ్రాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దానికి గుడ్డ మాస్కు పనికిరాదు, బిగుతుగా కూర్చునే ఎన్-95 కావాలి. గట్టి అడుగున్న బూట్లు, తలకు కట్టుకునే లైటు, దానికి తోడు ఇంకో టార్చి, గడువు దాటకుండా వేయించుకున్న టీటీ ఇంజెక్షన్, ఇవి లేకుండా గేటు దాటొద్దు.

కార్నిసుల (గోడ పైన బయటికి పొడుచుకొచ్చిన అంచుల) కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి. ఫ్లాష్, డ్రోన్, సెంటు వాసన, వీటిలో ఏది తగిలినా తేనెటీగలు రేగొచ్చు. రేగితే కెమెరా కోసం చూసుకోకుండా పరిగెత్తాలి. పాము విషయంలో రాళ్ల గుట్టల్లో చేయి పెట్టకపోవడమే సగం రక్షణ. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే తెలియదు, కాబట్టి అనుమానం వచ్చినా చాలు 108కి ఫోన్ చేయాలి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, ఆ మనిషిని నడిపించొద్దు.

ముగ్గురికి తక్కువ వెళ్లొద్దు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉండాలి, ఇంకొకరు సాయం కోసం వెళ్లాలి. మందపాటి గోడల మధ్య సిగ్నల్ అందకపోవచ్చు కాబట్టి ఎన్నింటికి బయటికొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. ఆ టైము దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసి ఇవ్వండి.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ ఫొటోలకు విలువ ఉంది. హైదరాబాద్‌లోని పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అన్ని కట్టడాలకూ ఆ అదృష్టం ఉండదు, పోయినవాటికి లోపలి ఫొటోలే రికార్డు. కాకపోతే ఆ ఫొటోలే హాని కూడా చేయగలవు. లొకేషన్ పెట్టి పోస్ట్ చేస్తే టేకు తలుపులు, రంగు అద్దాలు ఎక్కడున్నాయో దొంగలకు మనమే చూపించినట్టు. ఫొటోలో ఉండిపోయిన లొకేషన్ సమాచారాన్ని తీసేసి, పేట పేరు కూడా లేకుండా పెట్టండి. నేల మీద పడి ఉన్న కేస్ షీట్లలో రోగుల పేర్లు, జబ్బులు ఉంటాయి. అవి ఎంత బాగా వెలుతురులో ఉన్నా తీయొద్దు, పొరపాటున ఫ్రేములోకి వస్తే ఆ భాగం కత్తిరించండి.

ఇంటికొచ్చాక బూట్లు బయటే విడవండి, బట్టలు విడిగా ఉతకండి, ట్రైపాడ్ కాళ్లు తడిగుడ్డతో తుడవండి. రెండు మూడు వారాల లోపు జ్వరం, పొడి దగ్గు, ఛాతీలో నొప్పి వస్తే డాక్టరుకు లక్షణాలతో పాటు గబ్బిలాలున్న భవనంలోకి వెళ్లొచ్చానని కూడా చెప్పండి. చెప్పకపోతే దాన్ని మామూలు జ్వరంగానే చూసే అవకాశం ఎక్కువ.