ప్యాచ్ దిగింది సరే, కర్నెల్ మారిందా?

నా బల్ల మీద ఒక నోట్‌బుక్ ఉంటుంది. ఒక్కో లినక్స్ సర్వరుకి ఒక్కో పేజీ, పేజీలో మూడు గళ్లు: కొత్త కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి ప్రోగ్రాము) ప్యాకేజీ దిగిన తేదీ, రీబూట్ అయిన తేదీ, ఆ తర్వాత, నడుస్తున్న కర్నెల్ ఏదో చెప్పే "యూనేమ్ -ఆర్" కమాండ్ చూపించిన వెర్షన్. మూడో గడి నిండేదాకా పని అయిందని నేను ఎవరికీ చెప్పను.

ఈ అలవాటు 2022 మార్చిలో పడింది. డర్టీ పైప్ అనే కర్నెల్ లోపం (సీవీఈ-2022-0847; సీవీఈ అంటే భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు నంబరు) అప్పుడే బయటికొచ్చింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలును కూడా మామూలు యూజర్ మెమరీలో మార్చేసి రూట్ (యంత్రం మీద పూర్తి అధికారమున్న ఖాతా) అయిపోవచ్చు. కర్నెల్ వెర్షన్ 5.8 నుంచి ఉన్న తప్పు అది, 5.16.11, 5.15.25, 5.10.102లలో సరిచేశారు. ఆ రాత్రి నా చేతిలో ఉన్న యంత్రాలన్నిటికీ అప్‌డేట్ నడిపి, "అయిపోయింది" అని మెయిల్ పెట్టి పడుకున్నాను. పొద్దున్నే తోటి ఉద్యోగి ఒకావిడ ఒక సర్వర్లోకి లాగిన్ అయి చూస్తే పాత కర్నెలే నడుస్తోంది. అన్నిట్లోనూ అంతే. కొత్తది డిస్కు మీద ఉంది, మెమరీలో ఉన్నది పాతదే. ఆ రాత్రంతా తలుపులు తెరిచే ఉన్నాయి, మూసేశానని నేను రాసిచ్చాను. ఇప్పటికీ ఆ మెయిల్ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

మామూలు ప్రోగ్రాముల్లో లోపమైతే అప్‌డేట్ చేసి ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే చాలు. కర్నెల్‌కి అలా కుదరదు. బూట్ అయినప్పుడు మెమరీలోకి ఎక్కింది మళ్లీ బూట్ అయ్యేదాకా అక్కడే ఉంటుంది. అందుకే ముందు రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి: నడుస్తున్న వెర్షన్ ఏది, ఇన్‌స్టాల్ అయిన వాటిలో కొత్తది ఏది. డెబియన్, ఉబుంటుల్లో రెండోది "డీపీకేజీ -ఎల్" చెబుతుంది, రెడ్ హ్యాట్ కుటుంబంలో "ఆర్‌పీఎం -క్యూ కర్నెల్".

ఇక, వచ్చిన ప్రతి లోపానికీ పరుగెత్తాలా? కుదరదు. 2024 ఫిబ్రవరి నుంచి కర్నెల్ బృందమే సీవీఈ నంబర్లు ఇస్తోంది, ఏడాదికి వేలల్లో వస్తున్నాయి. నేను వేసుకునే ప్రశ్నలు ఇవి. ఆ కోడ్ నా కర్నెల్‌లో ఉందా, అంటే కాన్ఫిగ్ ఫైల్లో ఆ ఫీచర్ ఆన్ అయి ఉందా? దాన్ని నెట్‌వర్క్ మీద నుంచి తాకొచ్చా, లేక లోపల యూజర్ ఖాతా ఉండాలా? నిజంగా దాడుల్లో వాడుతున్నట్టు ఎవరైనా నిర్ధారించారా? అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) నడిపే, దాడుల్లో వాడిన లోపాల జాబితాలో పేరు కనిపిస్తే నేను ఆ రాత్రికే పని మొదలుపెడతాను. పది మంది యూజర్లు లాగిన్ అయ్యే యంత్రానికీ, ఇతరులు పంపిన కోడ్‌ను కంటైనర్లలో (ఒకే కర్నెల్‌ని పంచుకునే విడివిడి పెట్టెల్లో) నడిపే యంత్రానికీ "లోపలి నుంచి మాత్రమే" అనే మాట ఊరటనివ్వదు. కంటైనర్ ఇమేజ్‌ని ఎన్నిసార్లు కొత్తగా కట్టినా కింద ఉన్నది హోస్ట్, అంటే ఆ యంత్రం కర్నెలే.

వెర్షన్ నంబరు చూసి భయపడటం, ధైర్యపడటం రెండూ పొరపాటే. రెడ్ హ్యాట్ 8 చివరిదాకా 4.18 అనే చెప్పుకుంటుంది, కానీ కొత్త కర్నెళ్లలోని దిద్దుబాట్లను వెనక్కి తెచ్చి అందులో కలుపుతూనే ఉంటారు. లోపాలు వెతికే స్కానర్ ఎర్రగా చూపిస్తే ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) తెరిచి ఆ సీవీఈ నంబరు వెతకండి. దొరికిందంటే ఆ ప్యాకేజీలో దిద్దుబాటు ఉన్నట్టే. అది నడుస్తోందా అన్నది మళ్లీ వేరే ప్రశ్న.

రీబూట్‌కి రెండు రోజులు ఆగాల్సొస్తే ఆ మధ్యకాలానికి అడ్డుకట్ట ఉంటుంది. 2017లో డీసీసీపీ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్‌లో లోపం (సీవీఈ-2017-6074) వచ్చినప్పుడు ఆ మాడ్యూల్ (కర్నెల్‌లోకి విడిగా ఎక్కే భాగం) లోడ్ కాకుండా, మాడ్యూళ్లను ఎక్కించే మోడ్‌ప్రోబ్ కాన్ఫిగ్‌లో ఒక్క లైను రాస్తే సరిపోయింది. ఆ ప్రోటోకాల్ వాడేవాళ్లు అరుదు. 2024లో ఎన్ఎఫ్ టేబుల్స్ (కర్నెల్‌లోని ఫైర్‌వాల్ భాగం) లోపానికి (సీవీఈ-2024-1086) మామూలు యూజర్లు కొత్త యూజర్ నేమ్‌స్పేస్‌లు (లోపల తామే రూట్‌లా మెలగగల విడి గదులు) సృష్టించకుండా ఆపాల్సి వచ్చింది. దానివల్ల రూట్ లేకుండా నడిచే కంటైనర్లు ఆగిపోతాయి, కాబట్టి ముందే ఆ టీముకి చెప్పండి. ఇలా రాసిన ప్రతి లైనునీ తేదీతో సహా నోట్‌బుక్‌లో ఎక్కించండి.

ఇప్పుడు అసలు రాత్రి. ముందు బూట్ విభాగంలో ఖాళీ ఉందో లేదో చూడండి. నాకు ఎదురైన విఫల అప్‌డేట్లలో ఎక్కువ భాగం అది నిండిపోయి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్‌లో మొదట మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్) తయారీ సగంలో ఆగినవే. అక్కర్లేని పాత కర్నెళ్లు తీసేయండి, కానీ ఇప్పుడు నడుస్తున్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. తర్వాత "డీకేఎంఎస్ స్టేటస్" (డ్రైవర్లను ఒక్కో కర్నెల్‌కి కట్టే సాధనం చెప్పే స్థితి) చూసి, కర్నెల్‌తో రాని బయటి డ్రైవర్లు కొత్త కర్నెల్‌కి కూడా కంపైల్ అయ్యాయో లేదో సరిచూడండి. డిస్క్ కంట్రోలర్ డ్రైవరే బయటిదైతే, అది లేకుండా బూట్ అయిన యంత్రానికి తన డిస్కే కనిపించదు.

దూరంగా ఉన్న యంత్రానికి నేను ఎప్పుడూ చేసేది ఇది. గ్రబ్ (బూట్‌లో ఏ కర్నెల్ ఎక్కాలో ఎంచే ప్రోగ్రాము) డీఫాల్ట్‌ని "సేవ్డ్" అని పెట్టి, "గ్రబ్-సెట్-డీఫాల్ట్"తో పాత కర్నెల్‌ని శాశ్వత ఎంపికగా ఉంచుతాను. "గ్రబ్-రీబూట్"తో కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రం ఎంచుకుంటాను. కర్నెల్ పారామితుల్లో "ప్యానిక్=10" కలుపుతాను. కొత్తది ప్యానిక్ అయితే (కోలుకోలేని తప్పుతో ఆగిపోతే) పది సెకన్లలో తనే రీబూట్ అయి పాతదానికి తిరిగొస్తుంది. ఇది నన్ను రెండుసార్లు కాపాడింది. ప్యానిక్ కాకుండా బిగుసుకుపోతే మాత్రం ఇది పనిచేయదు, కాబట్టి రిమోట్ కన్సోల్ తెరిచిపెట్టుకునే ఎంటర్ నొక్కండి.

పైకొచ్చాక వెర్షన్ చూడండి, పడిపోయిన సర్వీసులను "సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్"తో చూడండి, డీమెసేజ్‌లో (కర్నెల్ సందేశాల లాగ్) కొత్త ఎర్రర్లు చదవండి. ప్రాసెసర్ లోపాలకైతే సిస్‌ఎఫ్ఎస్‌లో (కర్నెల్ తన స్థితిని ఫైళ్లుగా చూపే చోటు) సీపీయూ కింద ఉన్న వల్నరబిలిటీస్ డైరెక్టరీ తెరవండి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాక వచ్చిన సదుపాయం అది. ఒక్కో లోపానికి ఒక్కో ఫైలు, రక్షణ ఆన్ అయిందో లేదో అందులోనే రాసి ఉంటుంది. అన్నీ బాగుంటే కొత్త కర్నెల్‌ని శాశ్వతం చేయండి.

రీబూట్ అస్సలు కుదరని యంత్రాలకు లైవ్ ప్యాచ్ ఉంది. లోపమున్న ఫంక్షన్‌ని పిలిచినప్పుడు దారి మళ్లించి కొత్త ఫంక్షన్‌కి పంపుతుంది. దీనికి పునాది 2015లో 4.0తో కర్నెల్‌లోకి వచ్చింది. మెమరీలోని డేటా అమరికే మారాల్సిన దిద్దుబాట్లకు ఇది చాలా కష్టం. పైగా "యూనేమ్" పాత నంబరే చూపిస్తుంది, నా మూడో గడి ఇక్కడ పనికిరాదు. దాని బదులు సిస్‌ఎఫ్ఎస్‌లో కర్నెల్ కింద లైవ్‌ప్యాచ్ డైరెక్టరీలో "ఎనేబుల్డ్" 1గా, "ట్రాన్సిషన్" 0గా ఉన్నాయని చూసి రాసుకుంటాను. ట్రాన్సిషన్ 1 దగ్గరే ఆగిపోతే ఇంకా కొన్ని ప్రాసెసులు పాత కోడ్‌లోనే ఉన్నాయన్నమాట.

కర్నెల్‌ని సొంతంగా కట్టుకునేవాళ్లకు ఒక్క మాట: లోపం పేరున్న ఒక్క కమిట్‌నే (కోడ్‌లో నమోదైన ఒక మార్పు) ఏరి తెచ్చుకోకండి. దానికి ముందు రావాల్సినదో, దాన్ని తర్వాత సరిదిద్దినదో మిగిలిపోతుంది. మీ స్టేబుల్ శాఖలో తాజా విడుదలకు వెళ్లండి. తప్పనిసరైతే ముందు "ప్యాచ్ --డ్రై-రన్" (నిజంగా మార్చకుండా పరీక్షించేది) నడపండి, ఆ కమిట్‌నే తప్పుపడుతూ "ఫిక్సెస్" అని రాసిన వేరే కమిట్ ఉందేమో వెతకండి, లోకల్ వెర్షన్‌లో (వెర్షన్ నంబరు చివర చేరే భాగం) మీ గుర్తు తగిలించండి. అది లేకపోతే ఏ బిల్డ్ నడుస్తోందో మీకే తెలియదు.

అన్ని యంత్రాలనూ ఒకే రాత్రి మార్చకండి. ఒకటి మార్చి, దాని మీద మామూలు పని ఒక రోజు నడవనివ్వండి, తర్వాత మిగతావి. వారం గడిచాక నోట్‌బుక్ తీసి, అడ్డుకట్టగా రాసిన ప్రతి లైనునీ కాన్ఫిగ్‌లోంచి తీసేసి పేజీలో కొట్టేయండి. పాత కర్నెల్ ప్యాకేజీని ఆ రోజే తొలగించండి, అంతకు ముందు కాదు.