ప్రాక్టికల్ పిస్టల్, 3వ పాఠం: ఏ పిస్టల్ కొనాలి?

గత పాఠంలో ప్రాక్టికల్ షూటింగ్ పోటీ, అంటే గురితో పాటు వేగం కూడా లెక్కకొచ్చే పోటీ, స్కోరు లెక్క చూశాం. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే హిట్ ఫ్యాక్టర్. ఆ పాఠం చదివి దేవరకొండ తమ్ముడొకరు "అన్నా, గ్లాక్ మంచిదా, సీజెడ్ మంచిదా?" అని అడిగారు. మహబూబ్‌నగర్ నుంచి ఒక పెద్దాయన "నా దగ్గర లైసెన్స్ ఉన్న 32 బోర్ పిస్టల్ ఉంది, దాంతో మొదలుపెట్టొచ్చా?" అన్నారు. తమ్ముడి ప్రశ్నకు జవాబు ఈ పాఠం చివర్లో వస్తుంది, అదీ క్లుప్తంగా. పెద్దాయన ప్రశ్న దగ్గరే అసలు విషయమంతా ఉంది.

ప్రాక్టికల్ షూటింగ్‌కు అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్‌సీ (ఇంటర్నేషనల్ ప్రాక్టికల్ షూటింగ్ కాన్ఫెడరేషన్). 1976లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, కొలంబియాలో పుట్టింది. మొదటి అధ్యక్షుడు జెఫ్ కూపర్. గురి, బలం, వేగం మూడూ సమానంగా ఉండాలన్నది వాళ్ల సూత్రం. గురిని టార్గెట్ చూపిస్తుంది, వేగాన్ని టైమర్ చూపిస్తుంది. మరి బలాన్ని కొలవడమెలా? దానికి పెట్టిందే పవర్ ఫ్యాక్టర్.

లెక్క తేలికే. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో తీసుకోండి (ఒక గ్రాము అంటే 15.43 గ్రెయిన్లు). దాన్ని సెకనుకు ఎన్ని అడుగుల వేగంతో వెళ్తుందో దానితో గుణించి, వెయ్యితో భాగించండి. స్కోరింగ్‌లో రెండు స్థాయిలు, కిందిది మైనర్, పైది మేజర్. మైనర్‌లోకి రావాలంటే కనీసం 125 ఉండాలి. పోటీలో మీ రౌండ్లే కొన్ని తీసుకుని క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే యంత్రం) మీద కాల్చి చూస్తారు కాబట్టి డబ్బా మీద రాసిన అంకెను నమ్ముకుంటే కుదరదు.

పెద్దాయన 32 బోర్ చూద్దాం. 71 గ్రెయిన్ల బుల్లెట్, వేగం సుమారు 900 అడుగులు. 71ని 900తో గుణిస్తే 63,900. వెయ్యితో భాగిస్తే 63.9. కావలసినదాంట్లో సగం దాటింది, అంతే. పాయింట్ టూటూ (.22 బోర్) అయితే 40 గ్రెయిన్లు, 1000 అడుగులు, అంటే 40. తొమ్మిది ఎంఎం చూడండి: 124 గ్రెయిన్లు, 1050 అడుగులు, 130.2. దాటింది. అసలు ప్రొడక్షన్ డివిజన్‌లో (పోటీలో ఒక విభాగం, దాని సంగతి కింద వస్తుంది) 9×19, అంటే ఈ తొమ్మిది ఎంఎం రౌండు కన్నా చిన్న క్యాలిబర్‌ను అడుగే పెట్టనివ్వరు. కాబట్టి పెద్దాయనా, ఆ పిస్టల్ మీ భద్రతకు పనికొస్తుందేమో గానీ ఈ ఆటకు రాదు. దాన్ని అమ్మి ఇంకోటి కొందామని తొందరపడకండి. ఎందుకో చూడండి.

మన దేశంలో తొమ్మిది ఎంఎం మామూలు పౌరులకు నిషిద్ధ బోర్. నల్లగొండ కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చినా, మహబూబ్‌నగర్‌లో ఇచ్చినా సాధారణ లైసెన్స్ మీద అది రాదు. లైసెన్స్‌కు 21 ఏళ్లు నిండాలన్నది వేరే షరతు. అంటే ఆటకు కావలసిన క్యాలిబర్‌కు చట్టం అడ్డు, చట్టం ఇచ్చే 32 బోర్‌కు ఆట అడ్డు. యూట్యూబ్‌లో రివ్యూలు చూసి మనసు పారేసుకున్న కుర్రాళ్లకు ఈ మాట ఎవరూ ముందు చెప్పరు. అందుకే నేను ముందే చెబుతున్నాను.

మరి ఈ పాఠం ఎవరికి? నాకు తెలిసి ఇది చదివేవాళ్లు మూడు రకాలు. అన్నెపర్తి, బీచుపల్లి లాంటి బెటాలియన్లలో డ్యూటీ పిస్టల్ పట్టేవాళ్లు ఒకరు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు ఇంకొకరు. ఎన్‌సీసీలో రైఫిల్ కాల్చి రుచి మరిగిన పిల్లలు మూడోవాళ్లు.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ, రౌండ్లు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రూమ్మేట్ చెప్పాడని, దుకాణంవాడు అమ్మాడని ధైర్యపడొద్దు. వీసాకు ఎసరు వస్తే ఇంట్లోవాళ్లకు ఎంత టెన్షనో మీకు చెప్పాలా? లాయర్‌ను అడిగాకే రేంజ్ గడప తొక్కండి.

ఇక చట్టం ఒప్పుకున్నవాళ్లకు తర్వాతి మెట్టు డివిజన్, అంటే ఏ రకం పిస్టల్‌తో ఏ విభాగంలో పోటీపడాలన్నది. పిస్టల్ కన్నా ముందు దీన్ని తేల్చుకోవాలి. ఓపెన్‌లో డాట్ సైట్ (గురికి వెలుగు చుక్క చూపే అద్దం), కాంపెన్సేటర్ (గొట్టం ఎగరకుండా తగ్గించే భాగం) అన్నీ పెట్టుకోవచ్చు, ఖర్చు కూడా అలాగే ఉంటుంది. స్టాండర్డ్‌లో పిస్టల్ మ్యాగజైన్‌తో సహా 225×150×45 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. క్లాసిక్ డివిజన్ 1911 అనే పాత మోడల్ తరహా పిస్టళ్లకు, రివాల్వర్‌కు దాని డివిజన్ దానిదే. ప్రొడక్షన్ ఆప్టిక్స్ అంటే డాట్ పెట్టుకున్న ప్రొడక్షన్. కొత్తవాళ్లకు నేను చెప్పేది ప్రొడక్షనే. గొట్టం 127 మిల్లీమీటర్లు మించకూడదు, స్టార్ట్ సిగ్నల్ అప్పుడు పిస్టల్‌లో 15 రౌండ్లే ఉండాలి, అందరికీ మైనర్ స్కోరే. డబ్బు పెట్టి గెలిచే దారులు ఇక్కడ తక్కువ.

"మేజర్ అయితే పాయింట్లు ఎక్కువ కదా" అంటారు. నిజమే. టార్గెట్ మధ్యలోని 'A' జోన్‌లో పడితే మైనర్‌కైనా మేజర్‌కైనా 5. దాని చుట్టూ ఉండే 'C' జోన్‌లో మైనర్‌కు 3, మేజర్‌కు 4. కానీ స్టాండర్డ్‌లో మేజర్ కావాలంటే క్యాలిబర్ కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలి, పవర్ ఫ్యాక్టర్ 170 రావాలి. దానికి తగ్గట్టే పిస్టల్ వెనక్కి తన్నుతుంది. పన్నెండు షాట్లలో ఎనిమిది 'A'లో, నాలుగు 'C'లో పడ్డాయనుకోండి. మైనర్‌కు 52 పాయింట్లు, పది సెకన్లలో ముగిస్తే 5.2. మేజర్‌కు 56 పాయింట్లు, కానీ తన్ను వల్ల పదకొండు సెకన్లు పడితే 5.09. ఒక్క సెకను నాలుగు పాయింట్లను మింగేసింది. తన్నును అదుపులో పెట్టగలిగిన రోజున మేజర్ సంగతి చూసుకోవచ్చు.

బెటాలియన్ తమ్ముళ్లు ఒకటి గమనించాలి. ఈశాపూర్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం ఆటో పిస్టల్ 1ఏ పాత బ్రౌనింగ్ హై-పవర్ డిజైన్. 13 రౌండ్ల మ్యాగజైన్. అది సింగిల్ యాక్షన్ (హ్యామర్ ముందే ఎక్కుపెట్టి ఉంటేనే ట్రిగ్గర్ పనిచేసేది) మాత్రమే, కాబట్టి ప్రొడక్షన్‌లో చెల్లదు. స్టాండర్డ్‌లో మైనర్ కింద కాల్చాలి. గ్లాక్ ఇచ్చిన యూనిట్ అయితే ఆ చిక్కు లేదు.

ఇప్పుడు చెయ్యి. కొనుగోలు చెడేది ఎక్కువగా ఇక్కడే. గీత కార్మికుడు ఇంకొకరి మోకు వేసుకుని తాడెక్కడు, తన ఒంటికి తగ్గదే వేసుకుంటాడు. పిస్టల్ పిడి కూడా అంతే. రేంజ్‌లో, ఆఫీసర్ ఎదురుగా, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ కళ్లతో చూసి, వేలితో తడిమి, గొట్టం నోరు సురక్షిత దిశలో పెట్టాకే ఈ పరీక్షలు.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పిడి వెనక ఎంత పైకి వెళ్తే అంత పైకి పెట్టండి. పక్కవాళ్లను చూడమనండి: గొట్టం, మీ ముంజేయి ఒకే గీతలో ఉన్నాయా? గీత తప్పకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి రావాలి. అందుకోవడానికి పిస్టల్‌ను అరచేతిలో పక్కకు తిప్పుతున్నారంటే పిడి మీకు పెద్దది. తన్నినప్పుడల్లా అది బొటనవేలి ఎముక మీదికి వస్తుంది, పట్టు జారుతుంది. డబుల్ స్టాక్ మ్యాగజైన్‌లో రౌండ్లు వంకరటింకరగా రెండు వరసల్లో ఉంటాయి, అందుకే పిడి లావు. చిన్న చేతులవాళ్లు, ముఖ్యంగా మన ఆడపిల్లలు, వెనక పట్టీ మార్చుకునే వీలున్న పిస్టళ్లు చూడాలి. వేలు ఫ్రేమ్‌ను రాసుకుంటూ వెళ్లకుండా మధ్యలో కాస్త సందు ఉండాలి, లేకుంటే షాట్ పక్కకు లాగుతుంది. చివరగా రెండో అరచెయ్యి. కుడిచెయ్యి వదిలిన ఖాళీలో దాని మడమ భాగం నిండుగా ఆనాలి. తన్నును ఆపే పని చాలావరకు ఆ చేతిదే.

మ్యాగజైన్ బటన్ అందడానికి పట్టు కొంచెం కదిలితే ఫరవాలేదు. చాలామందికి కదులుతుంది.

ట్రిగ్గర్ రెండు తీర్లు. స్ట్రైకర్ పిస్టళ్లలో, అంటే గ్లాక్ లాంటి బయట హ్యామర్ లేనివాటిలో, ప్రతి షాట్‌కూ ఒకే లాగుడు. డబుల్ యాక్షన్‌లో మొదటి షాట్ పొడవుగా, బరువుగా ఉంటుంది, తర్వాతివి తేలిక. ప్రొడక్షన్ నియమం మొదటి షాట్‌కు కనీసం 2.27 కిలోలు, లేదా అన్ని షాట్లకూ కనీసం 1.36 కిలోలు అంటుంది. కొత్తవాళ్ల మొదటి షాట్ కిందికి పోవడానికి ఆ బరువు లాగుడే సగం కారణం.

ఇప్పుడు దేవరకొండ తమ్ముడికి జవాబు. గ్లాక్ 17 మ్యాగజైన్ లేకుండా సుమారు 630 గ్రాములు. 2016లో వచ్చిన సీజెడ్ షాడో 2 సుమారు 1,330 గ్రాముల ఉక్కు. బరువున్నది తక్కువ ఎగురుతుంది, రెండో షాట్ త్వరగా పడుతుంది. పోటీల్లో దానికంత పేరు ఊరికే రాలేదు. అయినా మొదటి ఏడాది స్ట్రైకర్‌కే, అంటే గ్లాక్‌కే నా ఓటు. ఒకే ట్రిగ్గర్ నేర్చుకుంటే చాలు, విడిభాగాలు దొరుకుతాయి, తప్పు మనదా పిస్టల్‌దా అన్నది త్వరగా తేలుతుంది. ఏది కొన్నా పిస్టల్ ధర పక్కన ఏడాది రౌండ్ల ఖర్చు, నాలుగైదు మ్యాగజైన్లు, గట్టి బెల్టు రాసుకోండి. రౌండ్లకు పైసలు మిగలని ఖరీదైన పిస్టల్ బీరువాకే అందం.

మూడో రకం పాఠకులకు, అంటే మన పిల్లలకు, దారి వేరు. 0.177 బోర్ మించకుండా, 20 జౌళ్లు దాటని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపాలి. పది మీటర్ల పోటీలో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు, ఒంటిచేతి పట్టు. ప్రాక్టికల్‌లో రెండు చేతుల పట్టు కాబట్టి అది నేరుగా పనికిరాదు, కానీ ట్రిగ్గర్ మీద ఓపిక అక్కడే వస్తుంది. ఆ తర్వాత పాయింట్ టూటూతో 25 మీటర్లు. దాని ర్యాపిడ్ దశలో చెయ్యి దించి ఉంచి, మూడు సెకన్లలో లేపి ఒక్క షాట్ కాల్చాలి. ప్రాక్టికల్ మొదటి షాట్‌కు దగ్గర బంధువు అదే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది ఆ 25 మీటర్ల పిస్టల్‌లోనే.

ఇంటి పని. ఉత్త చేతులతో, పిస్టల్ లేకుండా. రెండు అరచేతులు చాచి మధ్యలో చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఒక వస్తువును చూడండి. నల్లగొండలో ఉంటే లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దర్గా సరిపోతుంది. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే దర్గా మాయమైందో అదే మీ ప్రధాన కన్ను. కుడిచేతివాటం, ఎడమ కన్ను ప్రధానం అని తేలినవాళ్లు ఆ సంగతి రాసి ఉంచుకోండి. నాలుగో పాఠంలో హోల్‌స్టర్‌తో పాటు దాని గురించే చెబుతాను.