పాత డెస్క్‌టాప్‌లో 4కె పెళ్లి వీడియో

మా చెల్లెలి పెళ్లి తిరుచానూరులో చేశాం. వీడియో 4కెలో తీయించాం. తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ5 చిప్ ఉన్న డెస్క్‌టాప్. మాట వినిపిస్తోంది, బొమ్మ మాత్రం ఆగి ఆగి కదులుతోంది. తలంబ్రాల దగ్గరే నిలిచిపోతే నాయన ముఖం చూడలేకపోయాను.

ర్యామ్ పెంచితే ఇది పోదు. ఆ ఫైల్ హెచ్.265లో, అంటే వీడియోను బాగా కుదించి దాచే పద్ధతిలో ఉంది. దాన్ని విప్పే ప్రత్యేక భాగం ఇంటెల్ ఆరో తరం నుంచే చిప్‌లో ఉంది, రంగులు మరింత నాణ్యంగా ఉండే 10 బిట్ రకానిదైతే ఏడో తరం నుంచి. అంతకంటే పాతవాటిలో భారం చాలావరకు సీపీయూ మీదే పడుతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో టూల్స్, కోడెక్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మీ ఫైల్ ఏ రకమో తెలుస్తుంది. వీడియో ఆడుతుండగా టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100 శాతం దగ్గర ఉంటే కారణం అదే.

మా మానిటర్ 1080పి, అంటే 4కె కంటే తక్కువ చుక్కలున్న తెర. అందులో 4కె పూర్తిగా కనపడదు కదా! అందుకే వీడియోను చిన్న సైజుకు మార్చే, ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ వేసి, 'ఫాస్ట్ 1080పి30' ఎంచుకుని, రాత్రి పడుకునే ముందు స్టార్ట్ నొక్కాను. పాత మిషన్ కాబట్టి గంటలు పడుతుంది, టెన్షన్ పడొద్దు. అసలు ఫైల్ మాత్రం చెరపకండి, వేరే డిస్క్‌లో దాచండి.

4కె టీవీకే కలపాలంటే హెచ్.265ను విప్పే భాగం ఉన్న జీటీ 1030 లాంటి చిన్న గ్రాఫిక్స్ కార్డు చాలు. 30 వాట్లే తీసుకుంటుంది, విడిగా పవర్ వైరు అక్కర్లేదు. కొనేముందు క్యాబినెట్‌లో చోటు కొలవండి.

పొద్దున నాయన తలంబ్రాలు రెండుసార్లు వేయించుకుని చూశాడు.